రిటైరయ్యాక వచ్చిన డ్యూటీ చావు

1857లో న్యూయార్క్ నగరం తన పోలీసుల కోసం ఒక నిధి పెట్టింది. డ్యూటీలో చనిపోయినా, ఇక పని చేయలేనంతగా దెబ్బతిన్నా ఆ నిధి నుంచి ఒక మొత్తం ఇచ్చేవారు. అమెరికాలో మునిసిపల్ ఉద్యోగుల పింఛన్ల కథ అక్కడి నుంచే మొదలవుతుంది. రెండు దశాబ్దాల తర్వాత, 1878లో, 21 ఏళ్ల సర్వీసు పూర్తయినవారికి బతికినన్నాళ్లూ సగం జీతం ఇచ్చే ఏర్పాటు వచ్చింది. మొదటిది చావు పద్దు, రెండోది ముసలితనం పద్దు. ఇవి వేర్వేరుగా పుట్టడంలోనే తర్వాతి తగవుల మూలం ఉందని నా అభిప్రాయం. ఉద్యోగం చంపితే అప్పటికప్పుడే చంపుతుందనీ, బతికి బయటపడి రిటైరైనవాడికి ఇక ఆ ఉద్యోగం వల్ల ప్రాణభయం లేదనీ ఈ విభజన అనుకుంది. ఆ అంచనా తప్పని తేలాక కూడా చట్టం దాన్ని ఒక్కసారిగా వదులుకోలేదు.

1976 సెప్టెంబరులో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన ఫెడరల్ చట్టాన్నే చూడండి. డ్యూటీలో తగిలిన గాయంతో చనిపోయిన పోలీసు, ఫైర్‌మన్ కుటుంబానికి 50,000 డాలర్లు. గాయమంటే తూటా, కత్తిపోటు, కూలిన కప్పు. ఉద్యోగం వల్ల వచ్చే జబ్బులను నిబంధనలు పక్కన పెట్టేశాయి. డబ్బు మాత్రం పెరుగుతూ పోయింది: 1988లో లక్ష డాలర్లయింది, 2001లో రెండున్నర లక్షలైంది, ధరల పెరుగుదలకు ముడిపెట్టడంతో 2025 ఆర్థిక సంవత్సరానికి 4,48,575 డాలర్లకు చేరింది. నిర్వచనం అంత త్వరగా కదల్లేదు. డ్యూటీలో తీవ్రంగా శ్రమపడ్డాక 24 గంటల్లోపు గుండెపోటు వస్తే దాన్నీ డ్యూటీ చావుగానే తీసుకోవాలని 2003లో చేర్చారు. ఇరవై అయిదో గంటలో ఆగిన గుండె సంగతి అడగకూడదు కాబోలు! మంటల్లో పనిచేసినవాళ్లకు వచ్చే క్యాన్సర్ విషయంలో 1982లోనే కదిలిన కాలిఫోర్నియా కూడా ఇలాంటి లెక్కే వేసింది. సర్వీసులో ఒక్కో ఏడాదికి మూడు నెలల చొప్పున, రిటైరయ్యాక 60 నెలలు దాటకుండా, ఆ జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందని చట్టం నమ్మేది. 2010లో ఆ గడువును 120 నెలలు చేశారు. ఆస్బెస్టాస్ తెచ్చే మెసోథీలియోమా బయటపడటానికి మామూలుగా ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. క్యాన్సర్‌కు ఈ గడువుల సంగతి తెలియదు.

ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేసింది 2001 సెప్టెంబరు 11. ఆ రోజు న్యూయార్క్ అగ్నిమాపక శాఖ 343 మందిని పోగొట్టుకుంది. శిథిలాల ధూళి పీల్చి తర్వాతి ఏళ్లలో జబ్బుపడి పోయినవారి సంఖ్య 2023 సెప్టెంబరు నాటికి సరిగ్గా 343కు చేరింది. మొదటి జాబితాలోని కుటుంబాలకు అన్నీ దక్కాయి. రెండో జాబితాలో రిటైరయ్యాక పోయినవాళ్లు ఎందరో. మన దగ్గర పాత పింఛను విధానంలో రిటైరైన ఉద్యోగి ఏ కారణంతో పోయినా భార్యకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది కాబట్టి ఈ తేడా అంత తీవ్రంగా అనిపించకపోవచ్చు. న్యూయార్క్‌లో అలా కాదు. తన పింఛనులో కోతకు ఒప్పుకుంటేనే అది తర్వాత భార్యకు కొనసాగుతుంది. పూర్తి పింఛను ఎంచుకున్నవాడు పోతే అదీ అతనితోనే పోతుంది. అందుకే 2006 ఆగస్టులో గవర్నర్ పటాకీ సంతకం చేసిన రాష్ట్ర చట్టం కీలకమైంది. ఆ ధూళి జబ్బుతో రిటైరయ్యాక చనిపోయినవారినీ డ్యూటీలో పోయినవారిగానే లెక్కించవచ్చని అది చెప్పింది. చావు పద్దుకూ ముసలితనం పద్దుకూ మధ్య గోడ కూలింది అక్కడే.

అభ్యంతరాలు లేకపోలేదు. జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందని ఎలా తేలుస్తారన్నది మొదటిది, అన్నిటికన్నా బలమైనది కూడా. 2006 జనవరిలో చనిపోయిన రిటైర్డ్ డిటెక్టివ్ జేమ్స్ జడ్రోగా విషయంలో ధూళే కారణమని న్యూజెర్సీ వైద్యాధికారి రాశారు, కాదని మరుసటి ఏడాది న్యూయార్క్ ముఖ్య వైద్యాధికారి తేల్చారు. అయినా ఆ ధూళి బాధితుల కోసం 2011 జనవరిలో వచ్చిన ఫెడరల్ చట్టానికి ఆయన పేరే పెట్టారు. ఒక్క మనిషి ఊపిరితిత్తుల్ని చూసి కారణం తేల్చడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ వేల మందిని కలిపి చూస్తే చిత్రం స్పష్టంగానే ఉంటుంది: ఫైర్‌మన్ వృత్తే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో ప్రకటించింది. సందేహం మిగిలినచోట నిరూపణ భారాన్ని భర్త పోయిన భార్య నెత్తిన కాక ఖజానా మీద పెట్టడమే న్యాయం. పోలీసులకూ ఫైర్‌మన్లకూ మాత్రమే ఎందుకు ఈ మినహాయింపు అని అడిగేవారికి జవాబు 1969లోనే ఉంది. బొగ్గు గనిలో పదేళ్లు పనిచేసినవాడి నల్ల ఊపిరితిత్తుల జబ్బు గని వల్లే వచ్చిందని నమ్మే చట్టం ఆ ఏడాదే వచ్చింది, గని కార్మికుల భార్యలకూ వర్తించింది. ఇక ఖర్చు సంగతి. సెప్టెంబరు 11 బాధితుల నిధి అడుగంటుతోందని 2019 ఫిబ్రవరిలో చెల్లింపుల్ని 50 నుంచి 70 శాతం దాకా తగ్గించారు. జూలైకల్లా కాంగ్రెస్ ఆ నిధిని 2090 దాకా పొడిగించింది. కావాలనుకుంటే డబ్బు దొరుకుతుందన్నమాట.

అయితే ధూళి ఒక్కటే కాదు, పగ కూడా రిటైర్మెంట్ తేదీని లెక్కచేయదు. కెంటకీలోని టాంప్కిన్స్‌విల్‌లో పోలీస్ చీఫ్‌గా పనిచేసి రిటైరైన హెర్బర్ట్ ప్రాఫిట్‌ను 2012 ఆగస్టులో ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. చంపినవాడు ఏళ్ల కిందట ఆయన చేతుల్లో అరెస్టయినవాడు. గాయం డ్యూటీలో తగలలేదన్న కారణంతో 1976 చట్టం కింద ఆ కుటుంబానికి సాయం నిరాకరించారు. చట్టం మాట ప్రకారం అది సబబే, న్యాయం ప్రకారం కాదు. ఆయన్ను చంపింది రిటైర్మెంట్ తర్వాత చేసిన పని కాదు, యూనిఫాంలో ఉండి చేసిన అరెస్టు. ఈ లోటు పూడ్చడానికి ఆయన పేరుతోనే అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు.