మన చదువుల చరిత్ర - 9: ఆదివారం తరగతి గది



పోయిన భాగంలో హాస్టళ్ల గురించి రాశాను. అది చదివి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకే ప్రశ్న పంపారు. "ఆన్‌లైన్ డిగ్రీలో చేరదామనుకుంటున్నాం. సపోర్ట్ సర్వీసులు అన్నీ ఉన్నాయంటున్నారు, నమ్మొచ్చా?" అవును, కాదు అని తేల్చే ముందు ఆ మాట వెనకున్న చరిత్ర చెప్పాలి.

సపోర్ట్ సర్వీస్ అన్నది కొత్త మాటే గానీ పని పాతది. 1855లో ఫూలే దంపతులు పుణేలో కూలీలకీ రైతులకీ రాత్రి బడి పెట్టారు. పగలంతా పనిలో ఉండేవాడికి పగటి బడి తలుపు ఎంత బార్లా తెరిచినా ఏం లాభం? బడి వేళ మార్చడమే వాళ్లు చేసిన సాయం. 1946లో బాబాసాహెబ్ బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ మొదలుపెట్టి పొద్దుటిపూట తరగతులు పెట్టించారు, ఉద్యోగం చేసుకునేవాళ్లు కూడా చదవాలని. అంతకు రెండేళ్ల ముందు, ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో ఉండగా, షెడ్యూల్డ్ కులాలకి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వచ్చింది. వేళ, తిండి, ఫీజు, దీపం, పుస్తకం. ఉన్నవాళ్లకి ఇవి చదువు పక్కన ఉండే సౌకర్యాలు. మన పేటల్లో ఇవి లేకపోతే చదువే లేదు.

మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. పాఠం పోస్టులో ఇంటికొచ్చేది. వచ్చిన పాఠం అర్థం కాకపోతే అడగడానికి ఇంట్లో ఎవరున్నారు? తండ్రి చదివిన ఇంట్లో పోస్టు పాఠం పనిచేస్తుంది. మొదటి తరం ఇంట్లో అది అటక మీదికి చేరుతుంది.

1982 ఆగస్టులో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇగ్నో వచ్చింది 1985లో. ఇక్కడ మొదటి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన జి.రాంరెడ్డి గారినే అక్కడా మొదటి వైస్ ఛాన్సలర్‌గా పెట్టుకున్నారు. బ్రిటన్లో 1969లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీ వీటన్నిటికీ నమూనా.

నా లెక్కలో ఆ యూనివర్సిటీ చేసిన పెద్ద పనులు మూడు. ఇంటర్ సర్టిఫికెట్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చంది. ఏడో తరగతిలో బడి మానేసి పొలం వెళ్లినవాడికీ, పదహారేళ్లకి పెళ్లైపోయిన అమ్మాయికీ అది రెండో తలుపు. తెలుగులో మంచి పాఠ్యపుస్తకాలు రాయించింది. గ్రూప్స్‌కి చదివే పిల్లల దగ్గర ఆ పుస్తకాలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంటాయి. వాళ్లలో చాలామంది ఆ యూనివర్సిటీ గడప కూడా తొక్కలేదు! మూడోది స్టడీ సెంటర్. వారమంతా రెగ్యులర్ విద్యార్థులు కూర్చునే ప్రభుత్వ కాలేజీ బెంచీల మీదే ఆదివారం వీళ్లు కూర్చుంటారు. ఎదురుగా ఒక మనిషి ఉంటాడు, లేచి అడగొచ్చు. పక్కన తనలాంటివాళ్లే ఇంకో నలుగురుంటారు. ఫారం నింపడం, ఫీజు చలానా కట్టడం అక్కడే ఒకళ్ల దగ్గర ఒకళ్లు నేర్చుకుంటారు. రేడియో పాఠాలూ ఉండేవి గానీ, రేడియోని తిరిగి అడగలేం కదా.

అక్కడ అన్నీ బాగున్నాయని కాదు. కూలికెళ్లేవాడికి ఆదివారం సెలవని ఎవరు చెప్పారు? చింతపల్లి, కొయ్యూరు వైపు నుంచి ఘాట్ దిగి నర్సీపట్నం రావాలంటే బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం, పోయిన కూలి కలిపి లెక్కేయాలి. ఆ లెక్క ఏ ప్రాస్పెక్టస్‌లోనూ ఉండదు.

1991 అక్టోబర్ 26న ఆ యూనివర్సిటీకి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు. బాబాసాహెబ్ శతజయంతి కాలం అది. అదే ఏడాది ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ గొడవ మొదలైంది సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు తగిలిందన్న వంకతో. మూడు నెలలు తిరక్కుండానే యూనివర్సిటీ పేరు మారింది. పేరు అక్కర్లేదని నేననను. చదువుకున్న దళితుణ్ణి ఊరు ఓర్వలేని ఏడాదే ప్రభుత్వం చదువుకి అంబేద్కర్ పేరు పెట్టిందని గుర్తుంచుకోమంటున్నాను.

ఇక ఇప్పటి సంగతి. 2020లో యూజీసీ దూరవిద్యకీ ఆన్‌లైన్ చదువుకీ కలిపి నిబంధనలు తెచ్చింది. దూరవిద్య కోర్సుకి లెర్నర్ సపోర్ట్ సెంటర్ అనే చోటు ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సుకి వీడియో, చదివే పాఠం, చర్చా వేదిక, స్వీయ పరీక్ష అని నాలుగు భాగాలుంటాయి. 2022 సెప్టెంబర్‌లో, గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని కూడా ప్రకటించింది. కాగితం మీద బాగానే ఉంది.

నర్సీపట్నం రోడ్ అని రైల్వే స్టేషన్ ఉంది చూడండి. పేరులో ఊరుంది, ఊళ్లో రైలు లేదు, దిగాక బస్సెక్కాలి. చాలా సపోర్ట్ సర్వీసులు అలాంటివే. చేరేదాకా రోజూ ఫోన్ చేస్తారు. చేరాక పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోమంటారు. ఆ పోర్టల్ తెరవడానికి డేటా కావాలి, సిగ్నల్ కావాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అన్న పనికి తీసుకెళ్తే చెల్లి క్లాసు పోయినట్టే.

డబ్బు సంగతి మరీ అన్యాయం. కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కరస్పాండెన్స్ విద్యార్థికి ఏళ్ల తరబడి చోటుంది. మన రాష్ట్రంలో 2019లో వచ్చిన విద్యా దీవెన మాత్రం దూరవిద్య విద్యార్థిని బయటే ఉంచింది. పని చేసుకుంటూ చదివేవాడు ఫీజు తనే కట్టుకోవాలన్నమాట.

అందుకని తమ్ముళ్లూ చెల్లెళ్లూ, డబ్బు కట్టే ముందు అడగండి. యూజీసీ జాబితాలో ఈ ఏడాదికి, ఈ కోర్సుకి అనుమతి ఉందా? (జాబితా మీరే చూడండి, ఏజెంటు వాట్సాప్‌లో పంపింది కాదు.) తెలుగులో పాఠం ఉందా? సందేహం అడిగితే ఎన్ని రోజుల్లో, ఎవరు జవాబిస్తారు? పరీక్ష ఎక్కడ? మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారు? జవాబులు రాతలో తీసుకోండి.

సంఘాల్లో పనిచేసే మిత్రులకి ఒక మాట. ఆదివారాలు మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కంప్యూటర్ గదులకి తాళాలుంటాయి. ఏ యూనివర్సిటీ విద్యార్థి అయినా సరే, వచ్చి కూర్చుని పాఠం వినేలా ఆ గదులు తెరవమని కలెక్టర్‌కి అర్జీ పెడదాం. ముసాయిదా రాస్తున్నాను, కామెంట్లో పెడతాను. మార్పులుంటే చెప్పండి. వచ్చే భాగంలో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో నడిపిన బడుల గురించి.