దాగి ఉన్న జాతి వివక్ష: కాలిఫోర్నియా చెప్పే పాఠం

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అక్షరాస్యతా పరీక్షలు, ఓటు పన్ను వంటి సాధనాలతో నల్లజాతీయులను ఓటుకు దూరంగా ఉంచిన తీరు మీకు తెలిసిందే. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం ఆ దారులను చాలావరకు మూసివేశాయి. అయితే చట్టం నిషేధించిన వివక్ష మనుషుల నడవడిలో మిగిలిపోతే దానిని ఎలా గుర్తించాలి? తనలో వివక్ష ఉందని ఎవరూ వాంగ్మూలం ఇవ్వరు కదా! టామ్ బ్రాడ్లీ అనే నాయకుని అనుభవం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ఇంటి గడప దగ్గర

బ్రాడ్లీ 1917లో టెక్సాస్‌లో పేద కౌలు రైతు కుటుంబంలో పుట్టారు. లాస్ ఏంజెలిస్‌లో పోలీసు అధికారి అయ్యారు. నల్లజాతీయులకు ఇల్లు అమ్మరాదనే దస్తావేజు షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా 1950 ప్రాంతంలో తెల్లవారి పేటలో ఇల్లు కొనడానికి బ్రాడ్లీ దంపతులు ఒక తెల్లజాతి మధ్యవర్తిని ముందు పెట్టుకోవలసి వచ్చింది. తీర్పు మారింది, పేట మారలేదు.

ఒకే రోజు, రెండు ఓట్లు

ఇళ్ల అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధిస్తూ 1963లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. దానిని వమ్ము చేసే 14వ ప్రతిపాదన 1964 నవంబరులో ప్రజల ఓటుకు వచ్చింది. అందులో జాతి, రంగు అనే మాటలే లేవు. తన ఆస్తిని ఎవరికి అమ్మాలో నిర్ణయించుకునే హక్కు యజమానిదే అన్నది దాని సారాంశం. ఆ రోజే ఆ రాష్ట్ర ఓటర్లు పౌరహక్కుల చట్టంపై సంతకం చేసిన అధ్యక్షుడు జాన్సన్‌కు సుమారు 59 శాతం ఓట్లిచ్చారు. 14వ ప్రతిపాదనకు సుమారు 65 శాతం ఓట్లిచ్చారు. అంటే రెండింటినీ బలపరచినవారు చాలామందే ఉన్నారు. దేశమంతటికీ సమానత్వం కావాలి, పక్కింట్లో మాత్రం వద్దు! 1967లో సుప్రీంకోర్టు ఆ ప్రతిపాదన చెల్లదని తేల్చింది.

సర్వేకు ఒక మాట, పెట్టెకు ఒక ఓటా?

నల్లజాతీయులు ఐదో వంతుకన్నా తక్కువగా ఉన్న లాస్ ఏంజెలిస్‌కు బ్రాడ్లీ 1973లో మేయరయ్యారు. 1982లో గవర్నరు పదవికి పోటీ చేశారు. సర్వేలు ఆయనే ముందున్నారని చెప్పాయి. ఫలితంలో మాత్రం జార్జ్ డ్యూక్‌మేజియన్ చేతిలో సుమారు 93 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. కొందరు తెల్లజాతి ఓటర్లు సర్వేలో నిజం దాచారన్న వాదన ‘బ్రాడ్లీ ప్రభావం’గా పేరు పొందింది.

ఇక్కడ తొందరపడకండి. ప్రత్యర్థి పక్షం పోస్టల్ ఓట్లను బాగా సమీకరించింది. తుపాకుల నియంత్రణ ప్రతిపాదన కూడా అదే రోజు ఓటుకు రావడంతో, దానిని వ్యతిరేకించేవారు పెద్ద సంఖ్యలో కదిలివచ్చారు. 2008లో ఒబామా విషయంలో జాతీయ సర్వేలు ఫలితానికి దగ్గరగానే ఉన్నాయి. కాబట్టి 1982 ఫలితం ఒక్కటే వివక్షకు రుజువు కాదు. 1964 ఓటు మరింత బలమైన సాక్ష్యం. అక్కడ మనం ఎవరి మనసునూ ఊహించనక్కరలేదు, రెండు లెక్కలను పక్కపక్కన పెడితే చాలు.

దాగి ఉన్న వివక్షను వెతికేటప్పుడు మాటలో ఏముందో చూడండి, నియమంలో ఏం రాశారో చూడండి, చివరికి నష్టం ఎవరికి జరిగిందో చూడండి. నింద వేయడం తేలిక, నిరూపించడం కష్టం. చరిత్ర విద్యార్థి పని ఆ రెండోదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 14వ ప్రతిపాదనలో జాతి ప్రస్తావన లేకపోయినా దానిని వివక్షగా ఎందుకు పరిగణించాలి?
2. ‘బ్రాడ్లీ ప్రభావం’ వాదనకు ఉన్న పరిమితులను వివరించండి.