వేంగీ నగర వైభవం – కళ ఎవరి సొత్తు?

నగరజీవనం కేవలం భోగప్రధానమనీ, ధర్మసాధనకు అరణ్యమే తగిన స్థానమనీ ఒక అభిప్రాయం లోకంలో ఉన్నది. మన శాస్త్రకారులు ఈ రెంటినీ అంత కఠినంగా విడదీయలేదు. వాత్స్యాయన మహర్షి నాగరకుని జీవనవిధానాన్ని నిరూపిస్తూ, పక్షానికో మాసానికో ఒకమారు నియతదినాన సరస్వతీ భవనంలో కళాకారుల సమాజం జరగాలని విధించాడు. పరదేశాల నుండి వచ్చిన నటులు సైతం అక్కడ తమ విద్యను ప్రదర్శించేవారు. ఆంతరంగిక గృహసుఖం ఒక్కటే నగరసుఖం కాదనీ, దేవతాసన్నిధిలో పదిమందితో కలిసి కళను ఆస్వాదించడం కూడా అందులో భాగమనీ దీని వలన తెలుస్తున్నది. భరతముని నాట్యవేదాన్ని సర్వవర్ణాలకు చెందిన పంచమవేదంగా ప్రతిపాదించడంలోని ఆంతర్యమూ ఇదే.

ఆంధ్రదేశంలో ఈ ఆదర్శానికి నిదర్శనం వెదకదలచినవారు కొల్లేటికి ఉత్తరాన ఉన్న వేంగీ మండలాన్ని చూడాలి. ఏలూరుకు సమీపంలోని పెదవేగి, చినవేగి, దెందులూరు గ్రామాల పరిసరాలే ప్రాచీన వేంగీనగర స్థానమని చరిత్రకారులు గుర్తించారు. క్రీ.శ. 4వ శతాబ్దంలో దీనిని ఏలిన శాలంకాయన హస్తివర్మను సముద్రగుప్తుని ప్రయాగ స్తంభశాసనం పేర్కొన్నది. శాలంకాయనులు తమ శాసనాలలో తమను భగవాన్ చిత్రరథస్వామి పాదభక్తులుగా చెప్పుకొన్నారు. చిత్రరథస్వామి సూర్యభగవానుడని పండితుల అభిప్రాయం. సూర్యుని వెలుగుకు రాజసౌధమనీ పర్ణశాల అనీ భేదం లేదు. అట్టి దైవాన్ని నగరదేవతగా కొలవడం ఎంతో అర్థవంతం.

క్రీ.శ. 624 ప్రాంతంలో కుబ్జవిష్ణువర్ధనునితో తూర్పు చాళుక్యుల పాలన ఆరంభమైనది. ఆ వంశీయుడైన రెండవ విజయాదిత్యుడు తాను చేసిన నూట ఎనిమిది యుద్ధాలకు ప్రతిగా నూట ఎనిమిది శివాలయాలను నిర్మించినట్లు ఆ వంశ శాసనాలు తెలుపుతున్నవి. ఒక్క ఆలయం వెలసినదంటే శిల్పికి, గాయకునికి, వాద్యకారునికి, మాలాకారునికి ఆశ్రయం దొరికినట్లే. రాజు యుద్ధపాపానికి చేసిన నిష్కృతి ప్రజలకు కళాసంపదగా పరిణమించినది. తదనంతరం చాళుక్య భీముడు గాంధర్వవిద్యలో నిపుణురాలైన చల్లవకు అత్తిలిలో భూదానం చేశాడు. యుద్ధవీరులతో సమానంగా గానవిద్యకు శాసనగౌరవం దక్కినదన్నమాట.

అంతఃపురంలో పాడిన పాటను రాజు ఒక్కడే వింటాడు. ఆలయ మండపంలో పాడినదానిని స్వామితోపాటు ఊరంతా వింటుంది. నైవేద్యం ప్రసాదమైనట్లే, దైవానికి అర్పించిన కళ ప్రజలకు ప్రసాదమవుతుంది.

అయితే ఒక సత్యాన్ని దాచరాదు. ఈ ప్రసాదం అందరికీ అందలేదు. శతాబ్దాల తరబడి కొన్ని వర్గాల భక్తులు ప్రాకారం వెలుపలనే నిలిచిపోయారు. వారి గ్రామాలలోనే చెక్కిన శిల్పాలను, వారి శ్రమతో లేచిన గోపురాలను వారు దూరం నుండి మాత్రమే చూశారు. 1947లో మద్రాసు ఆలయప్రవేశ చట్టం వచ్చిన తరువాతనే ఈ ప్రాంతపు ఆలయద్వారాలు హిందువులందరికీ చట్టబద్ధంగా తెరుచుకొన్నవి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 17వ అధికరణంలో అస్పృశ్యతను నిషేధించినది. పంచమవేదం సర్వులదని ముని చెప్పిన మాటను ఆచరణలో పెట్టడానికి చట్టం అవసరం కావడం సమాజానికి ఆత్మపరీక్షా విషయం. తాళపుచెవి అర్చకుని చేతిలో ఉన్నంతమాత్రాన ఆలయం అతని సొత్తు కాజాలదు.

కాలక్రమంలో రాజధాని రాజమహేంద్రవరానికి తరలిపోయినది. అక్కడ 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు మహాభారతాన్ని తెనుగు చేయనారంభించాడు. సంస్కృతజ్ఞులకే పరిమితమైన ఇతిహాసం తెలుగువారి ఇంటింటికీ చేరినది. వేంగి మట్టిలో కలిసినా, వేంగీశ్వరుల వంశం తెరిచిన ఈ ద్వారం మూతపడలేదు.

నేడు పెదవేగి దిబ్బలను చూచినవానికి ఒక నీతి గోచరిస్తుంది. రాజులు తమకై కట్టుకొన్న మేడల జాడ చెప్పడం కష్టం. దైవానికీ, దైవం ద్వారా ప్రజలకూ సమర్పించినది మాత్రం శిలగా, శాసనంగా, భాషగా నిలిచియున్నది. కనుక తన గ్రామంలోని శిథిలశిల్పాన్ని కాపాడడం, ఆలయ మండపంలో మరల పురాణాన్నీ సంగీతాన్నీ వినిపించడం, వినవచ్చినవారిని కులగోత్రాలడుగక కూర్చుండబెట్టడం భక్తులు చేయగల నిజమైన దేవతార్చన.

స్వస్తి.