ఆసు మీద పువ్వు

చెప్పులు గడప బయట వదిలి లోపలికి రండి. తల కాస్త వంచండి, దూలం కిందికి ఉంది. భూదాన్ పోచంపల్లిలో ఈ ఇంటి ముందుగదిని గుంట మగ్గమే ఆక్రమించింది. దాని మీద మూరెడు చీర పడింది, నేసే ఆయన టీ తాగడానికి లేచాడు. మగ్గాన్ని తర్వాత చూద్దాం. చూడటానికి వచ్చినవాళ్లంతా దాని ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు వెనక గదిలోకి పదండి.

గోడకు ఆనించి ఒక చెక్క చట్రం ఉంది, దుమ్ము పట్టి. ఒక పక్కన ఒకే ఒక్క మేకు. దానికి ఎదురుగా సుమారు మీటరు దూరంలో, విల్లులా వంగిన చెక్కకు వరసగా మేకులు. ఇది ఆసు. ఈ ఇంటి పెద్దమ్మ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "చూస్తవా బిడ్డా?" అని నూలు కొస చేతికి తీసుకుంది. మధ్య మేకు నుంచి వంపులోని మేకుకు, దాన్ని చుట్టి మళ్లీ మధ్యకు. చెయ్యి పైకి, కిందికి, పైకి. పది చుట్లకే భుజం పట్టుకుని నవ్వింది. ఒక చీరకు సరిపడా పేక పోయాలంటే చెయ్యి ఇలా దాదాపు 9,000 సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోసిన ఆడవాళ్లకు అది 18,000. భుజాలు, మెడ, కళ్లు అన్నీ ఆసుకే పోయేవి.

మేకులు అలా వంపులో ఎందుకున్నాయో ఒక్క నిమిషం ఆలోచించండి. తిన్నని చెక్కకు కొట్టి ఉంటే, చివరి మేకులు మధ్య మేకుకు దూరమయ్యేవి, ఒక పోగు పొట్టి, ఒక పోగు పొడుగు అయ్యేవి. వంపు మీద ఎక్కడ కొలిచినా మధ్యకు ఒకటే దూరం. ఆ దూరాన్ని బట్టే చీర పన్నా. పోగులన్నీ సమానంగా ఉంటేనే ఇక్కడ వేసిన మచ్చ రేపు మగ్గం మీద అనుకున్న చోట పడుతుంది. ఈ వంపును మొదట ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు. నన్నడిగితే ఈ ఇంట్లో ఉన్న అన్ని పువ్వుల కంటే అందమైన గీత ఇదే.

కిటికీ పక్కన కోడలు గ్రాఫ్ కాగితం పరుచుకుని కూర్చుంది. పట్నంలో ఒక షాపువాళ్లు పంపిన బొమ్మ పక్కనే ఉంది: మెలి తిరిగిన తీగ, సూదిమొన లాంటి ఆకు. ఆమె దాన్ని గళ్లలోకి దించుతోంది. ఒక్కో గడి అంటే కలిపి కట్టే కొన్ని పోగులు. గుండ్రటి రేక గళ్లలోకి వచ్చేసరికి మెట్లు మెట్లుగా మారుతుంది. గళ్లు చిన్నవి చేస్తే రేక నున్నగా వస్తుంది, కట్లు రెట్టింపవుతాయి, రోజులూ పెరుగుతాయి. పెన్సిల్ ఆగిన ప్రతిచోటా ఆమె మనసులో కట్లు లెక్కపెడుతోంది. "ఈ ఆకు మొన ఇట్ల రాదు" అంది, తల ఎత్తకుండానే. బొమ్మ గీసినాయన దీన్ని రాజీ అనుకోవచ్చు. నా కంటికి మాత్రం డిజైన్ మొదలైందే ఇప్పుడు.

కింద పరిచిన నూలు మీద బొగ్గుతో గీతలు గీసి ఉన్నాయి. సైకిల్ ట్యూబులోంచి సన్నగా కోసిన రబ్బరు పట్టీని ఆమె మరిది నాలుగు చుట్లు లాగి బిగించాడు. వేలి కొసలు నీలిరంగులో ఉన్నాయి, సబ్బుకు పోని నీలం. కట్టిన చోట రంగు ఎక్కదు. ఒక రంగు ముంచి, ఆరబెట్టి, కొన్ని విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ఇంకో రంగు. ఎంత బిగించినా కట్టు అంచులోకి చుక్కంత రంగు పాకుతుంది. మగ్గం మీద పోగు వెంట్రుకంత జరుగుతుంది. అందుకే పువ్వు అంచు కాస్త అదిరినట్టు కనిపిస్తుంది. ఇలా పోగుకు కట్టి రంగు వేసి నేసే ఇక్కత్‌కు, ఎవరూ గీయని ఆ అదురే గుర్తు.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా అచ్చు వేసిన నకళ్లు బజారులో రాసులుగా ఉన్నాయి. వాటిలో పువ్వు అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. లేదా ఆ అదురును కూడా అచ్చు వేస్తారు. అప్పుడు బట్ట తిరగేసి చూడండి. చాలా నకళ్లలో వెనకవైపు రంగు వెలిసినట్టు ఉంటుంది. అసలుదానిలో పోగుకే రంగు ఎక్కింది కాబట్టి ముందూ వెనకా ఒకటే. బొమ్మను ఒక పూటలో ఎత్తుకుపోవచ్చు, పోగులోకి బొమ్మ ఎక్కించే పనిని ఎత్తుకుపోవడం అంత సులువు కాదు.

పక్క గదిలో చప్పుడు వింటున్నారుగా? పెద్దమ్మ పాత ఆసును గోడకు ఆనించడానికి కారణం అదే, ఆసు పోసే యంత్రం. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి కూడా ఇలాగే ఆసు పోసి చేతుల నొప్పులతో బాధపడింది. ఆరో తరగతితో బడి ఆగిన ఆ కొడుకు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. చెయ్యి కదలిక ఒకటి కుదిరితే ఇంకొకటి కుదరలేదు. చివరి చిక్కు హైదరాబాద్ బాలానగర్‌లో కరెంటు పనికి వెళ్లినచోట ఒక యంత్రం కదలిక చూశాక విడిపోయింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తిరిగింది. గంటల తరబడి సాగే ఆసు గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

దగ్గరికి వెళ్లి చూడండి, చూడ్డానికి ఏమంత బాగుండదు. ఇనుప చట్రం, మోటారు, ఊగే చెయ్యి. కానీ మేకుల వంపు మాత్రం అదే. ఆయన పువ్వును ముట్టుకోలేదు, కట్టును ముట్టుకోలేదు, మనిషి భుజాన్ని మాత్రమే అందులోంచి తప్పించాడు. యంత్రం చేసేవాడు దేన్ని వదిలెయ్యాలో తెలుసుకోవడం కూడా డిజైనే కదా అనిపిస్తుంది. చీర కొన్నావిడకు ఈ యంత్రం ఉన్నట్టే తెలియదు.

కోడలి ఫోన్ మోగింది. షాపాయన. ఆమె స్పీకర్ నొక్కి, కాగితం మీంచి కన్ను తీయకుండానే మాట్లాడుతోంది.

"ఆకు మొన సన్నగ కావాల్నంటే ఇంకో మూడు రోజులు పడ్తది అన్నా, దానికి రేటు వేరే. మొద్దుగ ఉంటే మొన్నటి రేటే. ఏది చెయ్యమంటరు?"