గడియ కుడుక మొదలు కంట్రోలరు వరకు

రాజాము పేరు చరిత్రలో ఒక ఆలస్యముతో ముడివడి యున్నది. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ సైన్యమును, విజయనగర ప్రభువు విజయరామరాజు బలములును బొబ్బిలి కోటను ముట్టడించిననాడు తాండ్ర పాపారాయుడు రాజాములో నుండెను. అతడు బొబ్బిలి చేరునప్పటికి జరుగవలసినది జరిగిపోయెను. తరువాత అతడు తీర్చుకొన్న పగ అందఱెఱిగినదే. నేను చెప్పదలచినది యుద్ధమును గుఱించి కాదు. ఆనాడు ఒక ఊరి వేళను మఱియొక ఊరివారు తెలిసికొను సాధనము లేదు. ఏ ఊరి ప్రొద్దు ఆ ఊరిదే.

ఆ ప్రొద్దును కొలుచుటకు గడియ కుడుక యుండెను. అడుగున సన్నని రంధ్రముగల రాగి గిన్నెను నీటిపై తేలవేసిన, అది నిండి మునుగుటకు ఒక గడియ, అనగా 24 నిమిషములు పట్టును. దినమునకు అట్టివి అరువది. పెండ్లి ముహూర్తములకు పురోహితులు దీనినే నమ్మిరి. అయితే గిన్నె గడియను కొలువగలదే కాని, అది ఎన్నవ గడియయో చెప్పలేదు. లెక్క పెట్టువాడు కునుకు తీసెనా, మఱునాటి సూర్యోదయమువఱకు లెక్క తప్పినట్లే. కాలమును కొలుచుట వేఱు, ఇప్పుడు వేళ యెంతయో యెఱుగుట వేఱు. ఈ భేదము నేటికిని తీరలేదు.

రెండవ పనికి వెలుపలి సాక్షి కావలయును. మన ప్రాంతమున ఆ సాక్ష్యమును శాస్త్రీయముగా సమకూర్చినవాడు గోడే వెంకట జగ్గారావు. మద్రాసు నక్షత్రశాలలో టేలరువద్ద ఖగోళశాస్త్రము నభ్యసించిన ఈ జమీందారు 1840లో విశాఖపట్టణమున తన సొంత నక్షత్రశాలను నెలకొల్పెను. నక్షత్రములను చూచి గడియారమును సరిదిద్దుటయే కాదు, డాల్ఫిన్ నోస్ కొండపై ధ్వజస్తంభము నిలిపి, జెండా సంకేతముచే వేళను ఊరివారికి తెలియజేసెను. 1856లో ఆయన మరణించినపిదప అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ కార్యమును కొనసాగించెను. ఇంతటివారిని మనము మఱచితిమనుట నాకు కష్టముగానే తోచును.

1906 జనవరి 1 నుండి దేశమునకంతకు ఒకే కాలము ఏర్పడెను. దానికాధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడకు చేరువనే పోవును. రాజాము అంతకు తూర్పున నుండుటచే, సొంత ప్రొద్దు ప్రకారము సుమారు నాలుగున్నర నిమిషములు ముందుండును. ఆ నిమిషములను ఆ ఊరు దేశమున కర్పించినదన్నమాట! ఆపైన రేడియో వచ్చెను; వార్తలకు ముందు వినవచ్చు ధ్వనులతో జనులు గడియారములు సరిచేసికొనిరి.

నేడు దీపములను, నీటి మోటారును వేళకు నడపుటకు ఇండ్లలో స్మార్టు కంట్రోలరు వచ్చినది. అదియు లెక్క పెట్టు కావలివాడే. కరెంటు పోయిన కునుకు తీయును. మేల్కొనగానే కొన్ని యంత్రములు తాము 1970 జనవరి 1న ఉన్నామనుకొనును. మఱికొన్ని నిద్రపోయిన క్షణమునుండియే లెక్క సాగించును. కరెంటు ఆఱు గంటలు పోయిన, ఆఱు గంటలు వెనుకబడును. అప్పుడు సాయంకాలపు దీపము అర్ధరాత్రి వెలుగును, తెల్లవారుజామున తిరుగవలసిన మోటారు మిట్టమధ్యాహ్నము తిరుగును.

ఇంటర్నెట్టు అందినచో యంత్రము క్షణములో వేళ నడిగి తెలిసికొనును. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు ఉత్తరాంధ్రలో పెక్కు ఊళ్ళు దినములతరబడి చీకటిలో నుండెను. కరెంటుతోపాటు టెలిఫోను, ఇంటర్నెట్టు కూడ పోయెను. అట్టి సమయమున కరెంటు తిరిగివచ్చినను సాక్షి దొరకదు. అందులకే యంత్రములో వేఱొక చిన్న గడియారమును, దానికి నాణెమంత బ్యాటరీని అమర్చుదురు. అందలి స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. సామాన్యపు స్ఫటికము నెలకు ఒక నిమిషమువఱకు తప్పవచ్చును. వేడిమినిబట్టి తన్ను తాను సవరించుకొను మేలిరకము సంవత్సరమునకు ఒక నిమిషమునకు మించి తప్పదు. ఇంటి దీపమునకు ఏదైనను చాలును.

కనుక కంట్రోలరు కొనువారు మొదట అడుగవలసినది, అందులో ఆ బ్యాటరీ కలదా యని. అదియు కొన్ని యేండ్లకు క్షీణించును. క్షీణించినదని మనకు తెలియునది మాత్రము మఱల కరెంటు పోయివచ్చిన నాడే.