‘బెంగతో పోయారు’ అనే ఆధారాన్ని చదవడం ఎలా?

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో కూలిపోయింది. ఆ వార్త తట్టుకోలేక గుండె ఆగి చనిపోయారంటూ పత్రికలు వందల మరణాలను ప్రకటించాయి. అప్పటి కడప జిల్లాను ఆనుకుని ఉన్న గుర్రంకొండ, మదనపల్లె ప్రాంతపు పెద్దలకు ఆ రోజులు ఇంకా గుర్తుంటాయి. 2010లో మొదలైన ఓదార్పు యాత్ర ఆ కుటుంబాల పరామర్శ పేరుతోనే సాగి, రాష్ట్ర రాజకీయాలనే మార్చింది. అందువల్ల ‘గుండె ఆగి’ అన్న మాటను చరిత్ర విద్యార్థి తేలికగా దాటిపోకూడదు.

దుఃఖం వల్ల గుండె దెబ్బతింటుందన్నది ఊరి నమ్మకం మాత్రమే కాదు. 1990లో జపాన్‌లోని హిరోషిమాకు చెందిన సాటో, ఆయన సహచరులు ఈ స్థితిని వర్ణించి ‘టాకోట్సుబో’ అని పేరు పెట్టారు. ఆక్టోపస్‌లను పట్టే కుండ పేరది. ఈ జబ్బులో గుండె ఎడమ జఠరిక కొన భాగం ఉబ్బి, ఆ కుండలాగే కనిపిస్తుంది. రక్తనాళం పూడిపోయి ఉండదు. నెలసరి ఆగిన స్త్రీలలో ఇది ఎక్కువ. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, కొందరు చనిపోతారు కూడా.

మరి అంతకు ముందు ఈ జబ్బు లేదా? ఉండే ఉంటుంది, కాని పట్టుకునే సాధనం లేదు. ఐంథోవెన్ 1900ల తొలి ఏళ్లలో ఈసీజీ యంత్రాన్ని రూపొందించి 1924లో నోబెల్ బహుమతి పొందారు. 1920లో పార్డీ గుండెపోటులో ఎస్‌టి భాగం పైకి లేస్తుందని చూపారు. చిక్కంతా అక్కడే ఉంది: టాకోట్సుబోలోనూ ఆ గీత అలాగే లేస్తుంది. గుండె ముందు భాగపు పోటుతో పోలిస్తే, దీనిలో ఏవీఆర్ లీడ్‌లో ఎస్‌టి కిందికి దిగడం, వి1లో పైకి లేవకపోవడం ఎక్కువగా కనిపిస్తాయి. తరువాతి రోజుల్లో టి తరంగం లోతుగా తలకిందులవుతుంది, క్యూటి వ్యవధి పెరుగుతుంది. ఇవి అనుమానం కలిగించే గుర్తులే, తీర్పు కావు. యాంజియోగ్రామ్‌లో నాళాలు చూశాకే వైద్యులు నిర్ధారిస్తారు. అందుకే బాధలో ఉన్న మనిషికి ఛాతీనొప్పి వస్తే ‘దిగులులే’ అని ఇంట్లో కూర్చోబెట్టడం ప్రమాదం. దుఃఖం మామూలు గుండెపోటునూ తెప్పించగలదు.

ఇప్పుడు 2009కి రండి. టీవీ ముందు కుప్పకూలిన మనిషికి ఈసీజీ తీసే వ్యవధి ఎక్కడిది? కాబట్టి ఆ పత్రికా వార్త నుంచి మనం తెలుసుకోగలిగేది, కుటుంబం ఆ మరణాన్ని ఎలా అర్థం చేసుకుంది అన్నదే. వైద్య కారణం దాని నుంచి తేలదు. అబద్ధమని కొట్టిపారేయడానికీ మనకు హక్కు లేదు.

మీ ప్రాంతంలో మౌఖిక చరిత్ర సేకరించేటప్పుడు ఎవరినైనా ‘బెంగతో పోయారు’ అని చెబితే, నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆసుపత్రికి చేరారా, కాగితాలు ఉన్నాయా అని మెల్లగా అడగండి. ఈసీజీ తీసే థర్మల్ కాగితం మీద గీతలు కొన్నేళ్లకు వెలిసిపోతాయి. అనుమతి తీసుకుని, చూసిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి.