ఆకాశపు బాటలు ఎవరి సొత్తు?



తిరుమలగిరి, సూర్యాపేట ప్రాంతములలో చెరువు క్రింద సేద్యము చేసిన పెద్దలకు నీటి పంపకమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. తూము ఒక్కటి, పొలములు పెక్కు. ఎవరికి తోచినట్లు వారు గండి కొట్టుకొన్నచో ఎవరి మడియు సరిగా తడవదు. కావుననే ఊరివారు నీరటికాని నియమించి, వంతుల ప్రకారము నీరు విడిపించుచు వచ్చిరి. అయితే తూము తన చేతిలో నున్నంత మాత్రమున చెరువు నీరటికాని సొత్తు కాదు. రేడియో తరంగములపై ప్రభుత్వములు చేసిన చట్టముల చరిత్ర యంతయు ఈ రెండు మాటల నడుమనే నడచినది. దానినే నేడు మీకు మనవి చేయుచున్నాను.

ప్రతి రేడియో కేంద్రమునకును ఒక కంపన సంఖ్య యుండును. 90.4 మెగాహెర్ట్జ్ అనగా సెకనునకు 9 కోట్ల 4 లక్షల కంపనములు. ఒకే సంఖ్యపై చేరువనున్న రెండు కేంద్రములు ఒకేమారు పలికినచో వినువారికి గోలయే మిగులును. వాడుకకు అనువైన సంఖ్యలును అనంతములు కావు. కనుక వంతు లేనిదే పని జరుగదు. ఈ సంగతిని మొదట ఓడలు నడపువారు గ్రహించిరి. 1906లో బెర్లిన్ నగరమున పలు దేశముల ప్రతినిధులు కూడి, ఓడల వైర్‌లెస్సు వార్తలకు తరంగములను నిర్ణయించి, ఆపదలో నున్న ఓడ పంపవలసిన సంకేతమును గూడ ఏర్పరచిరి.

మన దేశమున 1885 నాటి తంతి చట్టము, వైర్‌లెస్సు ఇంకను పుట్టకమునుపే, తంతి వార్తల హక్కును ప్రభుత్వమునకే దత్తము చేసినది. పిమ్మట వైర్‌లెస్సు వచ్చినప్పుడు అదియు ఆ హక్కులోనికే చేరెను. 1933లో మరియొక చట్టము చేసి, అనుమతి లేనిదే వైర్‌లెస్సు యంత్రమును ఇంట నుంచుకొనుటయు నేరమనిరి. తపాలా కార్యాలయమునకు పోయి, రేడియో పెట్టెకు ఏటేట రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొన్న దినములు మీలో పలువురకు జ్ఞాపకముండును. ఆ రుసుము తరువాత రద్దయ్యెను.

మన ప్రాంతము నాడు నిజాము రాజ్యములోనిది. హైదరాబాదున మహబూబ్ అలీ అను తపాలా శాఖ ఉద్యోగి 200 వాట్ల చిన్న యంత్రముతో స్వయముగా ప్రసారములు మొదలిడెను. ఒక వ్యక్తి ఉత్సాహమున పుట్టిన ఆ కేంద్రమును 1935 ఫిబ్రవరి 3న నిజాము ప్రభుత్వము తన వశము చేసికొనెను. అదియే దక్కన్ రేడియో. ఉర్దూతో పాటు తెలుగు, కన్నడము, మరాఠీ మాటలును అందు వినబడుచుండెను. 1948 సెప్టెంబరులో భారత సేనలు బెజవాడ నుండి కోదాడ, సూర్యాపేటల మీదుగా కదలివచ్చినప్పుడు, 17వ తేదీన నిజాము తన లొంగుబాటును ఆ రేడియో ద్వారమునే ప్రకటించెను. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము అఖిల భారత రేడియోలో కలిసెను. రాజ్యము మారినది, పేరు మారినది. కాని తూము సర్కారు చేతనే నిలిచినది.

ఆ స్థితిని మార్చినది ఒక క్రికెట్టు తగవు. 1993లో కలకత్తాలో జరుగు ఆటలను విదేశీ సంస్థ ద్వారా ప్రసారము చేయింప బెంగాలు క్రికెట్టు సంఘము తలపెట్టగా, ప్రభుత్వము అడ్డు చెప్పెను. వ్యాజ్యము సుప్రీము కోర్టునకు పోయెను. పి. బి. సావంత్, ఎస్. మోహన్, బి. పి. జీవన్ రెడ్డి అను మువ్వురు న్యాయమూర్తులు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పిరి. ఇందు జీవన్ రెడ్డి గారు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగా నుండినవారు. తరంగములు ప్రజల ఆస్తి. ప్రజాహితముకొరకు ఒక ప్రజాధికార సంస్థ వానిని క్రమపరుపవలెను. ప్రభుత్వము వానిని తన గుత్తసొత్తుగా చూడరాదు అనుట ఆ తీర్పు సారము. వంతు వలయును, యాజమాన్యము వలదు అని దీని భావము.

తీర్పు వచ్చినంతనే పల్లెకు వంతు రాలేదు. జహీరాబాదు చెంత మాచునూరు గ్రామమున దళిత స్త్రీల సంఘములు, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో, 1998 నాటికే రేడియో కేంద్రమును సిద్ధము చేసికొనిరి. యంత్రములున్నవి, చిరుధాన్యములను గూర్చి, విత్తనములను గూర్చి, పాటలను గూర్చి చెప్పవలసిన మాటలున్నవి, అనుమతి మాత్రము లేదు. వారు తమ మాటలను టేపులపై నెక్కించి, సంఘముల కూటములలో వినిపించుకొనుచు పదేండ్లు వేచియుండిరి. 2000 జులైలో వారికి పొరుగుననున్న పస్తాపురమున ఈ విషయమై ఒక సభ జరిగి, సమాజ రేడియోకు అనుమతి నీయవలెనని కోరెను. 2002లో విద్యాలయములకు మాత్రమే అవకాశము కలిగెను. 2006 నవంబరులో గాని పౌరసంస్థలకు తలుపు తెరువబడలేదు. ఇట్టి కేంద్రముల శక్తి సామాన్యముగా 100 వాట్లకు మించరాదని నియమము. అనగా మహబూబ్ అలీ యంత్రములో సగము! 2008 అక్టోబరు 15న మాచునూరు సంఘం రేడియో 90.4పై పలికెను. దానిని ప్రారంభించినవారు 1995 నాటి తీర్పు చెప్పిన సావంత్ గారే.

2023లో చేసిన టెలికం చట్టము, ప్రజల పక్షమున కేంద్ర ప్రభుత్వము ఈ తరంగములకు యజమానియై వానిని కేటాయించునని చెప్పుచున్నది. ప్రజల పక్షమున అను ఆ మాట మిక్కిలి విలువైనది. కాని ప్రజలు తమ పక్షమున మాటాడనిచో అది కాగితముపై మాటగనే యుండిపోవును. 1997లో ఏర్పడిన టెలికం నియంత్రణ సంస్థ, నియమములను సూచించుటకు ముందు ప్రజల అభిప్రాయములను వ్రాతపూర్వకముగా కోరుచున్నది. వ్యాపార సంస్థలు తమ న్యాయవాదులచే వ్రాయించి పంపును. పల్లెవారు వ్రాయుట అరుదు.

చెరువు కట్టపై వంతులు తేల్చునాడు సభకు రానివాని పొలము చివరి మడియై మిగులుట మీరెరిగినదే. ఆకాశపు చెరువు విషయమునను అంతియే. మాచునూరు స్త్రీలు పదేండ్లు వేచియుండియు అడుగుట మానలేదు. వారికి వంతు దక్కినది అందువలననే.